కొత్త మెరుపు కావాలా... ముందు పాత జిడ్డు వదిలించండి!

దసరా ఇంకో వారం ఉందనగా ఓ ఆదివారం. కాజీపేటలో రైలు పట్టాలకు కూతవేటు దూరంలో ఓ డాబా ఇల్లు. వాకిట్లో ముదురు ఎరుపు రంగు చిన్న కారు. దాని చుట్టూ తండ్రీకొడుకులు. తండ్రి రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. చేతికొచ్చిన డబ్బుతో కొన్న కారు అది. పన్నెండేళ్లయింది. ఈ పన్నెండేళ్లలో ఆయన దానికి మైనం పూయని నెల లేదు. అదే రకం డబ్బా, అదే పసుప్పచ్చ గుడ్డ. కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం. పండక్కి వస్తూ వస్తూ ఓ చిన్న సీసా తెచ్చాడు. సిరామిక్ కోటింగ్ అట. 'ఇది ఒక్కసారి పూస్తే చాలు నాన్నా, ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు' అన్నాడు. ఇద్దరూ కలిసి కారు కడిగారు, తుడిచారు, సాయంత్రానికల్లా పూసేశారు. పండగనాడు కారు అద్దంలా మెరిసింది.

నెల తిరిగింది. ఓ రాత్రి వాన పడింది. తెల్లారి చూస్తే బానెట్ మీద ఒకచోట నీళ్లు ముత్యాల్లా జారిపోతున్నాయి. పక్కనే జానెడు మేర దుమ్ము, నీళ్లు కలిసి మరకలా అతుక్కుపోయాయి. తలుపుల మీద ఎండపడితే చాలు, రంగురంగుల మచ్చలు. ఫోన్లో తండ్రి అన్నది ఒకటే మాట. 'ఏందిరా, నీ మందు పనితనం గింతేనా?' కొడుకూ తగ్గలేదు. 'మందు మంచిదే నాన్నా. నీ డబ్బా మైనమే దాన్ని పట్టనివ్వలేదు!'

ఈ పంచాయితీ ఆ ఒక్క ఇంటిదే కాదు. కార్లకు పూసే మైనాలూ కోటింగ్‌లూ స్ప్రేలూ బజారులో రకరకాలు దొరుకుతున్నాయి. పాతది మానేసి కొత్తదానికి మారాలని చాలామందికి ఉంటుంది. సీసా మీద రాసిన వాగ్దానాలన్నీ చదువుతారు. 'ముందుగా పెయింట్‌ను సిద్ధం చేసుకోండి' అన్న ఒక్క వాక్యాన్ని మాత్రం వదిలేస్తారు. అసలు పనంతా ఆ వాక్యంలోనే ఉంది.

నుదుటిమీద నూనె ఉంటే...

తలకు నూనె రాసుకుని, ఆ జిడ్డు నుదుటి మీదికి కారాక స్టిక్కర్ బొట్టు పెట్టుకుని చూడండి. ఎంత మంచి బొట్టు అయినా పది నిమిషాలు నిలవదు. తప్పు బొట్టుది కాదు, జిగురుదీ కాదు. కింద ఉన్న నూనెది. కారుకూ అంతే. కొత్తగా పూసేది పెయింట్‌ను నేరుగా తాకితేనే పట్టుకుంటుంది. మధ్యలో పాత మైనం ఉంటే అది మైనాన్నే పట్టుకుంటుంది. మైనం ఎండకు, సబ్బునీళ్లకు కరిగిపోగానే దాంతోపాటే కొత్త పూతా లేచిపోతుంది. మైనం అన్నిచోట్లా ఒకే మందాన ఉండదు కాబట్టి అక్కడక్కడా నిలిచి, అక్కడక్కడా పోతుంది. కాజీపేట కారు మీద కనిపించిన మచ్చల కథ ఇదే.

అలాగని ఏ రెండు పూతలకూ పొసగదని కాదు. పద్ధతి ఒకటుంది. సహజమైన మైనాన్ని దేనిమీదైనా పూయొచ్చు. పాత మైనం మీదా, సీలెంట్ మీదా, సిరామిక్ మీదా కూడా. సీలెంట్ అంటే రసాయనాలతో తయారైన పాలిమర్ పూత. దీన్ని మైనం మీద పూస్తే నిలవదు, శుభ్రమైన పెయింట్ మీదే పూయాలి. ఇక సిరామిక్‌ది మరీ మడి. పెయింట్ మీద మైనమే కాదు, పాలిష్‌లోని నూనె చుక్క మిగిలినా ఒప్పుకోదు. తేలిగ్గా గుర్తుపెట్టుకోవాలంటే... ఎక్కువకాలం నిలిచే పూత ఎప్పుడూ అడుగున, తక్కువకాలం నిలిచేది పైన.

ఇంతకీ ఏది ఎన్నాళ్లు?

కారు మైనం అనగానే వినిపించే పేరు కార్నౌబా. బ్రెజిల్ దేశపు ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీద పొడిలా పేరుకునే మైనం ఇది. ఎండల నుంచి తనలోని తేమను కాపాడుకోవడానికి ఆ చెట్టు చేసుకున్న ఏర్పాటు. 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు. అయితే ముడి కార్నౌబా రాయిలా గట్టిగా, పెళుసుగా ఉంటుంది. పూయడానికి వీలుగా నూనెలు, ద్రావకాలు కలిపి మెత్తబరుస్తారు. అందుకే డబ్బాలో ఉన్నది అంత వేడికి ఆగదు. మన ఎండల్లో కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు. సీలెంట్లయితే నాలుగైదు నెలలు వస్తాయి. సిరామిక్ అంటే సిలికా ఆధారంగా తయారైన ద్రవం. పూశాక గాలిలోని తేమతో కలిసి గట్టిపడి, గాజులాంటి సన్నటి పొరగా మారుతుంది. సరిగ్గా పడితే ఏడాది, రెండేళ్లు. పడకపోతే మాత్రం పెద్ద చిక్కు. మైనాన్ని సబ్బుతో, ద్రావకంతో వదిలించుకోవచ్చు. గట్టిపడిన సిరామిక్‌ను పాలిష్‌తో అరగదీయాల్సిందే. వేరే దారి లేదు.

ఇక్కడే ఇంకో రెండు మాటలు. సీసాల మీద '9హెచ్' అని గొప్పగా రాస్తుంటారు. అది పెన్సిళ్ల గట్టిదనంతో చేసే గీత పరీక్షలో వచ్చే కొలత. వజ్రానికీ దానికీ సంబంధం లేదు. లారీ చక్రం కింది నుంచి ఎగిరొచ్చే గులకరాయిని ఏ సిరామిక్కూ ఆపలేదు. అలాగే చాలాచోట్ల 'టెఫ్లాన్ కోటింగ్' పేరుతో చేసే పని. ఆ పదార్థం కరగాలంటేనే 327 డిగ్రీల వేడి కావాలి. పెనం మీద కాల్చి అతికించినట్టు కారు మీద అతికించడం కుదరదు. దానిపేరు చెప్పి పూసేది చాలాసార్లు మామూలు సీలెంటే. పేరు చూసి కాదు, ఎన్నాళ్లు నిలుస్తుందో అడిగి డబ్బివ్వాలి.

పేపరు కన్నా పలుచన

పాత పూతను వదిలించడమంటే ఏదో ఒకటి పెట్టి బాగా రుద్దేయడమే కదా అనుకోవచ్చు. అక్కడే ఉంది ప్రమాదం. కారు రేకు మీద పొరలు పొరలుగా పెయింట్ ఉంటుంది. మొదట తుప్పు పట్టకుండా కరెంటు సాయంతో తొట్టిలో ముంచి పట్టించే పూత. దానిమీద ప్రైమర్. ఆపైన మనం చూసే రంగు. అన్నింటికన్నా పైన రంగులేని పారదర్శకమైన పొర... క్లియర్ కోట్. మెరిసేది అదే. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేదీ అదే. ఈ పొరలన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఈ పేపరు కాగితం అంతకన్నా మందం!

పాత అంబాసిడర్‌ను రుద్దినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. గుడ్డకు కారు రంగు అంటుకునేది. ఆ కార్లకు క్లియర్ కోట్ లేదు, ఉన్నదంతా రంగే. పైన తెల్లబారిన పొరను రుద్దేస్తే కింద కొత్త రంగు తేలేది. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది గానీ, రుద్దుడు అలవాటు మాత్రం చాలామందిలో అలాగే ఉండిపోయింది. నేటి కార్లను అలా రుద్దితే కరిగేది క్లియర్ కోట్. అది పోతే రాదు. ఏ మైనమూ, ఏ కోటింగూ తిరిగి తేలేదు. గుడ్డకు కారు రంగు అంటుకుందంటే పైపొర అప్పటికే పోయిందన్నమాట. వెంటనే చేయి ఆపాలి.

భోగినాటి పని

సంక్రాంతి సెలవులకు కొడుకు మళ్లీ వచ్చాడు. ఈసారి సీసా ఒక్కటే కాదు, ఓ సంచి నిండా సామాను. తల్లి చూసి 'భోగికి పాతవి వదిలించుకోవాలంటారు. మీ ఇద్దరూ కారు మీది పాత మైనం వదిలించండి, ఇంట్లో పాత పంచాయితీ కూడా పోతది' అంది. రోజూ అదే మాటకు విసిగిపోయినట్టుంది. నవ్వుతూనే పని మొదలైంది. వాళ్లు చేసిన వరస ఎవరైనా చేసుకోదగ్గదే.

ముందు నీడ చూసుకోవాలి. రేకు చేతికి చల్లగా తగలాలి. వేడి రేకు మీద ఏ మందు వేసినా పని పూర్తికాకముందే ఎండి మరక కడుతుంది. మన దగ్గర ఈ పనికి దీపావళి తర్వాత నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలం తప్పనిసరైతే తెల్లవారుజామునే చేసుకోవాలి. వానాకాలంలో పూర్తిగా మూసి ఉన్న షెడ్డుంటే తప్ప వద్దు.

తర్వాత కడగడం. ముందు గట్టిగా నీళ్లు కొట్టి ఇసుకా దుమ్మూ జారిపోనివ్వాలి. అవి ఉండగానే గుడ్డ పెడితే గరుకు కాగితంతో తోమినట్టే. రెండు బకెట్లు పెట్టుకోవాలి. ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో ఉత్త నీళ్లు. తుడిచిన ప్రతిసారీ గుడ్డను ఉత్త నీళ్లలో జాడించాకే షాంపూలో ముంచాలి. పైకప్పు నుంచి కిందికి రావాలి. చక్రాలకు వేరే గుడ్డ, వేరే బకెట్టు. మామూలు రోజుల్లో వాడే కారు షాంపూ మైనాన్ని పోగొట్టకుండా తయారుచేసింది. ఇప్పుడు మనకు కావాల్సింది మైనం పోవడమే కాబట్టి, పాత పూతలు వదిలించడానికే అమ్మే క్షారగుణం ఎక్కువున్న షాంపూ వాడాలి. కొందరు గిన్నెలు తోమే లిక్విడ్ వాడతారు. ఎప్పుడో ఒకసారికి ఫరవాలేదు గానీ దానివల్ల మైనం పూర్తిగా పోదు. అదే అలవాటైతే రబ్బరు బీడింగులు పొడిబారిపోతాయి. బట్టల సబ్బుపొడి మాత్రం అసలే వద్దు. కరగని పలుకులు గీతలు పెడతాయి.

బోరు నీళ్లతో కడిగేవాళ్లకు ఇంకో తిప్పలుంది. ఆ నీళ్లలో సున్నం ఎక్కువ. కారు మీదే ఆరిపోతే తెల్లటి చుక్కలు మిగులుతాయి. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే తడి అద్దేయాలి. అప్పటికే ఉన్న చుక్కల మీద తెల్ల వెనిగర్‌ను సమానంగా నీళ్లు కలిపి గుడ్డతో అద్ది, నిమిషంలోపే కడిగేస్తే చాలావరకు పోతాయి. ఏళ్లనాటివైతే పాలిష్ దాకా వెళ్లాల్సిందే.

ఊదారంగు కన్నీళ్లు!

కడిగాక కారు శుభ్రంగానే కనిపించింది. కొడుకు ఓ స్ప్రే సీసా తీసి తలుపు మీద కొట్టాడు. రెండు నిమిషాలకు తలుపంతా ఊదారంగు చారలు. తండ్రి కంగారుపడ్డారు. 'అరే, రంగు దిగుతోందిరా!' రంగు కాదది. ఇనుము. కారు బ్రేకు వేసినప్పుడల్లా, రైలు చక్రం పట్టా మీద రాసుకున్నప్పుడల్లా కంటికి కనిపించని ఇనుప రజను గాల్లోకి లేస్తుంది. కారు మీద పడి, వేడికి పెయింట్‌లోకి దిగబడి, తడి తగిలితే తుప్పు చుక్కగా మారుతుంది. ఆ స్ప్రేలోని మందు ఇనుముతో కలిసి ఊదారంగుకు తిరిగి, దాన్ని నీళ్లలో కరిగిపోయేలా చేస్తుంది. జీవితమంతా పట్టాల పక్కనే బతికిన ఆయన ఆ చారల్ని కాసేపు చూస్తూ నిలబడ్డారు. 'నేను డ్యూటీ దిగినా, అది దిగలేదన్నమాట' అన్నారు.

రైల్వే లైన్ల పక్కన, ఉక్కు కర్మాగారాల దగ్గర, వెల్డింగ్ షాపులున్న వీధుల్లో ఉండే కార్లకు ఈ బెడద ఎక్కువ. ఈ స్ప్రే కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. చేతులకు తొడుగులు వేసుకోవాలి. మూడు నాలుగు నిమిషాలకు మించి ఉంచకూడదు, ఎండిపోనివ్వకూడదు. కడిగిన నీళ్లు తులసికోట వైపు పోకుండా చూసుకోవాలి.

కొత్తగా వేసిన రోడ్ల మీద తిరిగితే కింది అంచులకు తారు చుక్కలు అంటుకుంటాయి. వాటికి తారు వదిలించే మందులు దొరుకుతాయి. మన దగ్గర కిరోసిన్ గుడ్డతో తుడవడం మామూలే. తారు పోతుంది గానీ కిరోసిన్ జిడ్డు మిగులుతుంది. అది కొత్త పూతకు మళ్లీ శత్రువే. తుడిస్తే ఆ చోటును షాంపూతో మళ్లీ కడగాలి. పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే మందు మాత్రం దగ్గరికి రానివ్వకండి. పెయింట్‌నే మెత్తబరుస్తాయి. పైగా నిప్పుతో ప్రమాదం. భోగిమంట దరిదాపుల్లో అసలే వద్దు.

చేతికి కవరు తొడిగితే...

ఇంతా చేశాక పెయింట్ శుభ్రపడిందా లేదా ఎలా తెలుస్తుంది? పలుచటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని కారు మీద మెల్లగా రాయండి. ఉత్త చేతికి తెలియని గరుకు కవరులోంచి తెలుస్తుంది. రవ్వ పోసినట్టు గరగరలాడితే ఇంకా ఏదో దిగబడి ఉందని అర్థం. దానికి మందు 'క్లే'. మట్టి అంటారు గానీ నిజానికి చాలా సన్నటి పలుకులు కలిపిన మెత్తటి ముద్ద. పిల్లలు ఆడుకునే బంకమట్టిలా ఉంటుంది. బాగా పిసికి, చపాతీలా వత్తి, దాంతోపాటు ఇచ్చే జారుడు ద్రవం ధారాళంగా చల్లి, రెండడుగుల మేర చోటు తీసుకుని తేలిగ్గా ముందుకీ వెనక్కీ జరపాలి. నొక్కకూడదు. గరగర తగ్గి జారడం మొదలైతే ఆ చోటు అయినట్టు. ముద్ద నల్లబడితే మడిచి కొత్త ముఖం తిప్పాలి. కిందపడిందా... ఎంత ఖరీదైనా సరే, పారేయాలి. అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు, కారంతా గీతలే. క్లే వాడితే సన్నటి గీతలు కొన్ని పడటం సహజం. అందుకే ఏటా ఒకటి రెండుసార్లకు మించి దీని జోలికి వెళ్లకూడదు.

ఆగాల్సిన చోట ఆగడం

మైనం పోయింది. ఇనుము పోయింది. మిగిలింది దసరాకు పూసిన సిరామిక్ అతుకులు. అవి పాలిష్‌కు గానీ పోవు. కొడుకు హన్మకొండలోని ఓ పెయింటర్ దగ్గర్నుంచి పాలిష్ మిషనూ, పెయింట్ మందం కొలిచే చిన్న పరికరమూ అడిగి తెచ్చాడు. రేకు మీద ఆనిస్తే అంకె చూపిస్తుంది. పైకప్పు మీద 112 మైక్రాన్లు. తలుపుల మీద 104. బానెట్ మధ్యలో 88. బానెట్ ముందు అంచున పెడితే 61.

తండ్రి అద్దాలు సర్దుకుని మళ్లీ చూశారు. అక్కడ రంగు కొంచెం పాలిపోయినట్టు ఉండటం ఆయనకు ముందే తెలుసు. ఎండ వల్ల అనుకున్నారు. కానీ లెక్క వేరేగా ఉంది. ఏటా దసరాకు ముందు రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి ఆయన ఎక్కువ రుద్దింది ఆ అంచునే. ఎదురుగా వచ్చేవాళ్లకు ముందు కనిపించేది అదే కదా అని. పైకప్పు మీదికి చెయ్యి సరిగ్గా అందక వదిలేశారు. వదిలేసిన పైకప్పు నిక్షేపంగా ఉంది. అపురూపంగా చూసుకున్న అంచే అరిగిపోయింది. ఆయన ఏమీ అనలేదు. ఆ అంచు మీద ఓసారి అరచెయ్యి ఆనించి తీసేశారు. కొడుకూ 'నేను చెప్పలేదా' అనలేదు. అనకపోవడమే మంచిదైంది.

ఈ ఒక్కచోటే చాలా కార్ల పెయింట్ నాశనమవుతోంది. మెత్తటి పాలిష్ ఒకటి రెండు మైక్రాన్ల పొరను తీస్తుంది. గట్టి కాంపౌండ్, ముతక ప్యాడ్ అయితే అంతకు రెట్టింపు, మూడింతలు. అంచులు, మడతల దగ్గర పెయింట్ మొదట్నుంచీ పలుచన, మిషన్ ఒత్తిడి మాత్రం అక్కడే ఎక్కువ. అందుకే మిషన్ పెట్టే ముందు అంచులన్నింటికీ మాస్కింగ్ టేప్ అతికించాలి. ముందు అరచేతి మేర చోటులో మెత్తటి పాలిష్, మెత్తటి ప్యాడ్‌తోనే ప్రయత్నించాలి. పని జరిగితే ఇంకా ఘాటైనదానికి వెళ్లనక్కర్లేదు. ప్రతి గీతా పోవాలన్న పట్టుదల వద్దు. లోతైన గీతను పూర్తిగా తీయాలంటే దాని చుట్టూ ఉన్న పొరంతా గీత అడుగుదాకా అరగాలి. గీతతో బతకొచ్చు గానీ క్లియర్ కోట్ లేకుండా బతకలేం. షాపులో చేయించేవాళ్లు 'రబ్బింగ్, పాలిషింగ్ ఏటా చేయించండి' అన్న సలహాను ఒకటికి రెండుసార్లు ఆలోచించి తీసుకోవాలి. ముందు మందం కొలవమని అడగడంలో తప్పేం లేదు. కొలత 200 దాటితే ఆ భాగానికి ఇదివరకే ఎక్కడో రంగు వేయించి ఉంటారు. సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాళ్లకూ ఇది పనికొచ్చే సంగతే.

తండ్రీకొడుకులు తలుపులకు, వెనక భాగానికి మెత్తటి పాలిష్‌తో ఒక చుట్టు వేశారు. బానెట్ మధ్యలో చేత్తోనే తేలిగ్గా రుద్దారు. ముందు అంచును ముట్టుకోలేదు.

ఆఖరి తుడుపు

పాలిష్ అయ్యాక కారు ధగధగలాడుతుంది. చాలామంది ఆ మెరుపు చూసి మోసపోయి వెంటనే కోటింగ్ మొదలెడతారు. ఆ మెరుపులో సగం పాలిష్‌లోని నూనెలది. అది మళ్లీ నుదుటిమీద నూనె కథే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నాలుగైదు పాళ్లు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి చల్లి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచి, వెంటనే ఇంకో పొడిగుడ్డతో అద్దేయాలి. ఇలా తుడవడానికే తయారుచేసిన మందులూ దొరుకుతాయి. కరోనా కాలంలో కొన్న శానిటైజర్ మిగిలిపోయింది కదా, అదీ ఆల్కహాలే కదా అనుకోకండి. చేతులు పొడిబారకుండా అందులో గ్లిజరిన్‌లాంటివి కలుపుతారు. అవి కారు మీద పొరలా నిలిచిపోతాయి.

ఇప్పుడు నీళ్లు చిలకరించి చూడండి. ముత్యాల్లా నిలబడి జారితే ఇంకా ఏదో పూత మిగిలి ఉంది. పలుచగా పరుచుకుంటే పెయింట్ ఉత్తదిగా, సిద్ధంగా ఉంది. మామూలుగా ముత్యాలు కనిపిస్తే సంతోషించాలి. ఈ ఒక్కరోజు మాత్రం కనిపించకపోతేనే సంతోషం!

ఏది ఎక్కడ పూయాలి?

ఏ పూతైనా ఒకేసారి కారంతా పులమకూడదు. ఒక్కో భాగం తీసుకుని, సాధ్యమైనంత పలుచగా పూసి, దాని సంగతి చూశాకే పక్కదానికి వెళ్లాలి. మైనమైతే తెల్లగా మసకబారేదాకా ఆగి, వేలితో గీస్తే పొడిగా లేచినప్పుడు తుడవాలి. సిరామిక్‌కు అంత తీరిక ఉండదు. సీసా మీద రాసిన నిమిషాల్లోపే తుడిచి చదును చేయాలి, లేదంటే గట్టిపడి మచ్చలు కడుతుంది. పూశాక కనీసం ఒక రోజు నీటిచుక్క తగలకూడదు, వారందాకా కడగకూడదు. నల్లటి ప్లాస్టిక్ భాగాల మీద మైనం పడితే తెల్లటి మరకలు పడతాయి. వాటికి ముందే టేప్ వేసుకోవాలి.

కొత్త కారుకు ఎంతకాలం ఆగాలన్నది చాలామందికి వచ్చే సందేహం. ఫ్యాక్టరీలో రంగు వేశాక దాదాపు 140 డిగ్రీల వేడిలో కాలుస్తారు. కారు మన ఇంటికి చేరేసరికి అది పూర్తిగా గట్టిపడే ఉంటుంది, ఆగనక్కర్లేదు. డెంటింగ్ చేయించి రంగు వేయించిన భాగం సంగతి వేరు. అక్కడ తక్కువ వేడిలో ఆరబెడతారు. లోపలి ద్రావకాలు మెల్లగా బయటికి పోవాలి. కనీసం నెల రోజులు, పెయింటర్ ఇంకా ఎక్కువ చెబితే అంతకాలం మైనం గానీ కోటింగ్ గానీ వేయకూడదు.

అన్నీ చేశాక కూడా పూతను కాపాడేది రోజువారీ అలవాట్లే. పిట్టల రెట్ట పడితే ఎండకముందే తడిగుడ్డ వేసి నానబెట్టి తీయాలి. పొడిగుడ్డతో దుమ్ము దులపడం మానేయాలి. ఆయుధపూజనాడు పసుపు కుంకుమలు బానెట్ మీద కాకుండా నంబరు ప్లేటుకో అద్దానికో అద్దితే పూజా దక్కుతుంది, పూతా దక్కుతుంది. అన్నింటికీ మించి నీడ. ఎండ నుంచి చెట్టు, షెడ్డు కాపాడినట్టు ఏ సీసా కాపాడలేదు.

ఇక కాజీపేట వాకిట్లో ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది. బానెట్ సంగతేమిటి? సిరామిక్ పూస్తే, రేపు ఏ కారణానైనా తీయాల్సి వస్తే మళ్లీ పాలిష్ పెట్టాలి. అక్కడ ఇంకోసారి అరగదీయడానికి పొర లేదు. తీయాలంటే రుద్దాల్సిన అవసరం లేని పూతే దానికి మంచిది. కొడుకు కాసేపు ఆలోచించి సీసా మూత బిగించేశాడు. లోపలికెళ్లి అలమరలోంచి పాత డబ్బా తెచ్చి తండ్రి చేతిలో పెట్టాడు.

'బానెట్ నీదే నాన్నా. ఇక్కడ నీ మైనమే కరెక్టు. కానీ కాంపౌండ్ మాత్రం ఇక ముట్టద్దు.'

'ముట్టనులేరా' అన్నారాయన. పసుప్పచ్చ గుడ్డ కోసం చెయ్యి చాపి, మళ్లీ ఏమనుకున్నారో, కొడుకు తెచ్చిన మెత్తటి గుడ్డ తీసుకున్నారు. ఎప్పటిలా గట్టిగా కాదు... చంటిబిడ్డ ఒంటికి నూనె రాసినట్టు, పలుచగా, మెల్లగా.